బదిలీ కాని మనిషి కోసం

సంక్రాంతి సెలవులు అయిపోయాక, మన చిన్న మున్సిపాలిటీల్లో ఎక్కడో ఒకచోట ప్లానింగ్ విద్యార్థులు దిగుతారు. వాళ్ల రాక కమిషనర్ గారి కంటే ముందు బస్టాండు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయనకు తెలుస్తుంది. ఒక్కసారే పన్నెండు టీలు, అందులో సగం చక్కెర లేకుండా! భుజాన లాప్‌టాప్ సంచి, మెడలో కాలేజీ కార్డు, చేతిలో టేపు. పక్కన చెప్పుల షాపు ఆయన కాసేపు చూసి చూసి, "ఏం బాబూ, రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" అని అడుగుతాడు. "లేదండీ, మేం స్టూడెంట్స్‌మి" అంటారు వీళ్లు. ఆయన నమ్మడు. టేపు పట్టుకొచ్చిన వాడెవడైనా రేపో మాపో గోడ మీద ఎర్ర గీత గీసి పోయేవాడేనని మన బజారుకు గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయం ఊరికే పుట్టలేదు లెండి.

నగర ప్రణాళికలో మాస్టర్స్ చదివేవాళ్లకు స్టూడియో అని ఒక సబ్జెక్టు ఉంటుంది. మూడు గంటల్లో రాసేసి బయటపడే పరీక్ష కాదది. ఆరుగురో ఎనిమిదిమందో జట్టు కట్టి, ఒక ఊరిని తీసుకుని, వీధులు తిరిగి, ఇళ్లు లెక్కపెట్టి, మనుషులతో మాట్లాడి, చివరికి ఆ మున్సిపాలిటీకో పంచాయతీకో ఒక నివేదిక చేతిలో పెట్టాలి. విజయవాడ ఎస్‌పీఏలో చదివినా, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో చదివినా, అహ్మదాబాద్ సెప్ట్‌లో చదివినా ఈ తిరుగుడు తప్పదు. అమెరికాలో ఇలాంటి దాన్ని క్యాప్‌స్టోన్ అంటారు. పేరేదైనా పని ఒకటే. చదువుకునేవాడు సర్కారుకు సలహా చెప్పడం.

ఈ తిరుగుడులో నేను మొదట విద్యార్థిని, ఇప్పుడు గైడును. రెండు వైపులా నిలబడి చూసినవాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది. ఇంతమంది పిల్లలు, ఇన్నేళ్లుగా, ఇన్ని ఊళ్లకు రాసిన నివేదికలు ఏమయ్యాయి? ఎవరు చదివారు?

అసలు ఊరి గురించి ఏదైనా చెప్పే ముందు ఊళ్లో నడవాలని ఈ విద్యలో అందరికంటే ముందు పట్టుబట్టినవాడు ప్యాట్రిక్ గెడెస్. స్కాట్లండ్ మనిషి, చదివింది జీవశాస్త్రం. 1914లో మద్రాసు గవర్నరు పెంట్లండ్ పిలిస్తే, నగరాల మీద తాను తయారుచేసిన పెద్ద ప్రదర్శన సామగ్రినంతా ఓడకెక్కించి బయలుదేరాడు. తాను ఒక ఓడలో, సామాను ఇంకో ఓడలో. సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎండెన్ యుద్ధనౌకే అక్టోబరులో ఆ సామాను ఓడను ముంచేసింది. పటాలు, బొమ్మలు, నమూనాలు అన్నీ సముద్రం పాలయ్యాయి. మిత్రులు మళ్లీ సమకూర్చి పంపితే 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగింది. కానీ నాకు ముఖ్యమనిపించేది ప్రదర్శన కాదు, ఆ తర్వాత ఆయన మన ఊళ్లలో చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు మొదలుకొని పదుల కొద్దీ ఊళ్లలో సందు సందునా కాలినడకన తిరిగాడు. తంజావూరులో ఇంజనీర్లు పాత వీధులను అడ్డంగా కోసేసి తిన్నని రోడ్డు వేద్దామంటే, అక్కర్లేదు, పాడుబడిన ఇళ్లు ఒకటీ అరా తీసేస్తే గాలీ వెలుతురూ వస్తాయి, ఖర్చూ తగ్గుతుంది, మనుషులూ చెదరరు అని లెక్క కట్టి చూపించాడు. 1918లో ఇండోర్ సంస్థానానికి రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. ఆ ఊళ్లోనే, దీపావళి ఊరేగింపు ఏ వీధివాళ్లు ఇళ్లూ వాకిళ్లూ బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధి గుండానే పోతుందని చాటింపు వేయించాడు. ఊరు ఊరంతా చీపుర్లు పట్టింది. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో వరసగా ఏళ్ల తరబడి మొదటి స్థానం కొట్టిన ఇండోర్ అదే. దానికీ దీనికీ ముడిపెట్టను. పెట్టాలని మాత్రం నోరు ఊరుతుంది.

ఆయన చూపిన దారిలోనే మన స్టూడియోలు నడుస్తున్నాయి. ముందు సర్వే, తర్వాతే ప్లాను. సిలబస్ ప్రకారం అంతా సరిగానే ఉంది.

మున్సిపాలిటీకి ఈ పిల్లల అవసరం లేదా అంటే, ఎందుకు లేదు! 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాల చేతికి 18 అంశాల జాబితా ఇచ్చింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. జాబితా ఇచ్చారు గానీ ఆ పని చేసే మనుషులను ఇవ్వలేదు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో ప్లానర్ల పోస్టులు 12 వేలకు పైగా కావాలి. అప్పటికి మంజూరైనవి నాలుగు వేల లోపు, వాటిలోనూ 42 శాతం ఖాళీ. ఉన్న టౌన్ ప్లానింగ్ ఆఫీసరు కూడా పొద్దున లేస్తే ఇళ్ల ప్లాన్ల అనుమతులు, అక్రమ కట్టడాల నోటీసులు, కోర్టు కౌంటర్లు, ఎమ్మెల్యే గారి ఫోన్లతోనే సరి. ఊరు పదేళ్ల తర్వాత ఎటు పెరుగుతుందో కూర్చుని ఆలోచించే తీరిక ఆయనకు ఎక్కడిది? అటువంటి చోటికి నాలుగు నెలల పాటు జీతం అడగని చదువుకున్న చేతులు పదో పన్నెండో వస్తే, కళ్లకద్దుకుని తీసుకోవాలి. కేంద్రం కూడా 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అని పల్లెలకు కాలేజీలను ముడివేసింది, 2020లో తులిప్ పేరుతో పట్టణాల్లో ఇంటర్న్‌షిప్ పథకం తెచ్చింది. ఉద్దేశాలకు కొదవ లేదు.

తంటా క్యాలెండర్ దగ్గర మొదలవుతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు గనక కాస్త వివరంగా చెప్పనివ్వండి.

సెమిస్టరు జనవరిలో మొదలై మే మొదటి వారంలో ముగుస్తుంది. ఈ నాలుగు నెలల్లో మన ఊళ్లలో వాన పడదు. మురుగు కాలువలు ఎండి, చెత్త నిండి, అయినా బుద్ధిగా కనిపిస్తాయి. పిల్లలు ఫొటోలు తీసి, "డ్రెయినేజీ వ్యవస్థ ఓ మోస్తరుగా ఉంది" అని రాస్తారు. జూన్‌లో మొదటి వాన పడి మోకాలి లోతు నీళ్లు ఇళ్లలోకి వచ్చేసరికి వాళ్ల పని చూసి మార్కులు వేసే జ్యూరీ అయిపోయి, మార్కులు పడిపోయి, సగం మంది ఇంటర్న్‌షిప్‌ల కోసం ఢిల్లీ, బెంగళూరు చేరుకుని ఉంటారు. పై నుంచి పల్లెలు చూడ్డానికి వచ్చే పెద్దలంతా తారు రోడ్డు ఉన్నచోటికే, ఎండ కాలంలోనే వస్తారని రాబర్ట్ ఛేంబర్స్ 1983లో రాసిన పుస్తకంలో ఎద్దేవా చేశాడు. ఆయన అన్నది అధికారులను, నిపుణులను. మా స్టూడియోలకు కూడా అది అచ్చంగా సరిపోతుంది.

ఇక మున్సిపాలిటీ క్యాలెండర్ వేరు. వచ్చే ఏడాది బడ్జెట్ కసరత్తు డిసెంబరు నుంచే మొదలవుతుంది. ఏ వార్డులో ఏ కాలువ, ఎంత ఖర్చు అని ఏఈలు అంచనాలు వేస్తారు, కౌన్సిలర్లు పట్టుబడతారు, మార్చి 31 లోపు కౌన్సిల్ ఆమోదం పడాలి. మన నివేదిక మేలో వస్తుంది. అంటే అందులో ఎంత గొప్ప సంగతి ఉన్నా, దానికి రూపాయి కేటాయించాలంటే ఇంకో ఏడాది ఆగాలి. ఆ ఏడాదిలో కమిషనర్ మారిపోతాడు. కొత్తాయన వచ్చాక "ఇదేమిటి?" అని అడిగితే, "ఎవరో స్టూడెంట్స్ ఇచ్చారు సార్" అంటుంది ఆఫీసు. అంతటితో ఆ కథ కంచికి.

నివేదిక తీరు కూడా అలాగే ఉంటుంది. నూట ఎనభై పేజీలు, నిగనిగలాడే కాగితం, స్పైరల్ బైండింగు. మొదటి నలభై పేజీలు ఆ ఊరి చరిత్ర, జనాభా లెక్కలు. అవి ఆ ఊరి మున్సిపల్ మేనేజరుకు నోటికి వచ్చు. చివర్లో కాలువ గట్టు మీద పచ్చిక, సైకిల్ బాట, బెంచీ మీద కూర్చుని నవ్వుతున్న తెల్లవాళ్లు. ఆ బొమ్మల్లో మనుషులను ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికిస్తారు కనక, మన డెల్టా ఊరి కాలువ గట్టు మీద ఎవరూ లుంగీ కట్టుకోరు, ఎవరూ గేదెలు తోలుకు పోరు. ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకాన్ని కమిషనర్ గారికి ఇస్తూ ఫొటో దిగుతారు. తపాలా సెక్షన్‌లో ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది. బీరువాలోకి వెళుతుంది. అంతకు ముందు బ్యాచ్ నివేదిక పక్కన సర్దుకుంటుంది.

పిల్లలను తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. వాళ్లకు తెలివికేం తక్కువ లేదు. ఎవరి కోసం రాస్తున్నామో ఎవరూ వాళ్లకు చెప్పకపోవడమే ఇక్కడున్న లోపం. పైకి కమిషనర్ కోసం రాస్తున్నామనుకుంటారు. లోపల జ్యూరీ కోసం రాస్తారు. ఆ నివేదికను రేపు నిజంగా చేతిలో పట్టుకుని పని చేయాల్సిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరూ కాదు.

ఆ మనిషి ఎవరో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. కృష్ణా డెల్టాలో, పంట కాలువ ఒడ్డున ఉన్న ఒక మున్సిపాలిటీ. మా జట్టు తీసుకున్న అంశం వాననీటి కాలువలు. పిల్లలు ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల లెక్కలతో కంప్యూటర్లో చక్కటి వాలు పటం తయారుచేశారు. ఏ వీధి నీళ్లు ఎటు పారాలో నీలం బాణాలు వేశారు. చూడముచ్చటగా ఉంది. ఆ పటం పట్టుకుని పారిశుధ్య మేస్త్రిని వెంటబెట్టుకుని బయలుదేరాం. పాతికేళ్లకు పైగా ఆ ఊరి కాలువల్లో పార వేయించినవాడు, మొదట్లో తనే పార పట్టినవాడు. మా జట్టులో ఒకమ్మాయి ఆయనకు పటం చూపించి, "బాబాయ్ గారూ, ఇక్కడ నీళ్లు తూర్పుకి పోతాయి కదా?" అంది. ఆయన పటం వంక చూడను కూడా చూడలేదు. నోట్లో బీడీ తీసి, ఆర్పి, ఆ ముక్క కాలువలో పడేశాడు. అందరం వంగి చూశాం. ముక్క కాసేపు నిలబడింది, ఒకసారి తిరిగింది, మెల్లగా పడమటికి బయలుదేరింది.

"వాటం ఇటుందమ్మా" అన్నాడు.

కారణం కూడా ఆయనే చెప్పాడు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ప్రతిసారీ నాలుగు అంగుళాలు లేచింది. దారి కింద తూము మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయింది. ఒకచోట కాంట్రాక్టరు కొత్త తూము వేశాడు గానీ, కాలువ అడుగు కంటే జానెడు ఎత్తున వేశాడు. ఇంకోచోట ఒకాయన ఇంటి మెట్లు కాలువలోకి కట్టుకున్నాడు. నీళ్లు పోవడానికి దారి లేక వెనక్కి తన్నుతున్నాయి. ఉపగ్రహానికి ఇదంతా కనపడదు. కనపడదనడం కాదు, కనపడే వీలే లేదు. ఉచితంగా దొరికే ఆ ఎత్తుల లెక్కల్లో కొన్ని మీటర్ల తేడా మామూలు. డెల్టాలో ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు నేల ఎత్తులో ఉన్న తేడా చాలాచోట్ల అంత కూడా ఉండదు. ఈ సంగతి పిల్లలు క్లాసులో చదువుకున్నారు, పరీక్షలో రాశారు కూడా.

ఆ తర్వాత వారం రోజులు వాళ్లు వేరే పని పెట్టుకున్నారు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం ఒకటి కొని, మేస్త్రితో కలిసి తూము తూముకీ లెవెల్ పట్టారు. నలభై చిల్లర తూములు. ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీశారు: తూము ఎక్కడుంది, పైపు సైజు ఎంత, ఎగువ అడుగు ఎంత, దిగువ అడుగు ఎంత, వాటం సరిగా ఉందా ఎదురుందా, పూడిక ఎంత, దాని మీద ఏం కట్టారు. చిరునామాల దగ్గర మాత్రం కాలేజీ పద్ధతి వదిలేసి ఊరి పద్ధతిలో రాశారు. రామాలయం పక్క సందు. పాత సినిమా హాలు వెనక. కరెంటాఫీసు మలుపు. మేస్త్రి చదవగలిగేది అదే. అక్షాంశాలు రేఖాంశాలు ఇంకో గడిలో చిన్న అక్షరాల్లో పెట్టారు.

జ్యూరీ రోజున బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నివేదిక తిరగేసి, "ఇందులో విజన్ ఎక్కడుంది?" అని అడిగారు. తూముల పట్టిక అనుబంధంలో ఎక్కడో వెనక ఉంది. ఆయన దాకా అది రాలేదు. మార్కులు ఓ మాదిరిగా పడ్డాయి.

ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే వార్డు సచివాలయాలు వచ్చాయి. ఒక్కో వార్డులో కాలువలు, రోడ్లు, నీళ్లు, దీపాలు చూడ్డానికి వార్డు సౌకర్యాల కార్యదర్శి అని ఒక ఉద్యోగి ఉంటారు. చాలామంది కొత్తగా సివిల్ డిప్లొమా, ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్లు. ఆ వార్డు కార్యదర్శికి మేస్త్రి ఈ కాగితం సంగతి చెప్పాడట. ఆయన మా పిల్లలకు ఫోన్ చేసి ఎక్సెల్ ఫైలు అడిగి తెప్పించుకున్నాడు. వాన కాలానికి ముందు పూడిక తీసే పనికి అంచనా వేయడానికి వాడుకున్నాడు, ఆ తర్వాత కొత్త తూములకు ప్రతిపాదన పెట్టేటప్పుడూ అందులో నుంచే కొలతలు ఎత్తుకున్నాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఊరేమీ సింగపూర్ కాలేదు. ఎదురు వాటం ఉన్న తూముల్లో కొన్నింటిని తవ్వి తిరిగి వేశారు, కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి, మెట్లు కట్టిన ఆయన మెట్లు చెక్కుచెదరలేదు. అయినా నేను చూసిన నివేదికల్లో బీరువా దాటి బయట బతికింది ఆ ఒక్క కాగితమే.

మేస్త్రి బదిలీ కాడు. జూనియర్ అసిస్టెంటు, బిల్ కలెక్టరు ఏళ్ల తరబడి అదే ఊళ్లో ఉంటారు. వార్డు కార్యదర్శులకు బదిలీలు ఉన్నా, కుర్చీ మాత్రం అదే వార్డులో ఉంటుంది, వచ్చిన కొత్తవాడికి మొదటి రోజే కావాల్సింది ఇలాంటి పట్టికే. కమిషనర్ కోసం రాసిన నివేదిక కమిషనర్‌తోనే వెళ్లిపోతుంది. బదిలీ కాని మనిషి కోసం రాసింది ఊళ్లో ఉండిపోతుంది. మా పిల్లలకు ఇప్పుడు మొదటి రోజే ఇది చెబుతున్నాను. చెప్పిన వెంటనే మొహాలు వాడిపోతాయి. బిల్ కలెక్టరు కోసం చదువుకున్నామా మాస్టారూ అన్నట్టు చూస్తారు.

జట్టు సంగతి కూడా ఓ మాట. ఎనిమిది మంది జట్టులో ముగ్గురు పని చేస్తారు, ఇద్దరు పని చేస్తున్నట్టు కనిపిస్తారు, ఒకడు బైకు ఉన్నందుకు విలువైనవాడు, ఒకరికి ఎప్పుడూ ఒంట్లో బాగుండదు, ఎనిమిదో మనిషి పీపీటీ చేస్తాడు. జ్యూరీలో మాట్లాడేది ఆ ఎనిమిదో మనిషే. మార్కులు అందరికీ సమానం. దీన్ని సరిచేయడానికి మేం కనిపెట్టిన పద్ధతులన్నీ వాళ్లు మా కంటే ముందే కనిపెట్టి దాటేశారు. ఉద్యోగంలోకి వెళ్లాక ఆఫీసులు కూడా ఇలాగే ఉంటాయి కనక, ఈ ఒక్క విషయంలో మా చదువు నిజ జీవితానికి చాలా దగ్గరగా ఉందని సరిపెట్టుకుంటాను.

బయటి దేశాల్లో దీన్ని కాస్త గట్టిగా పట్టుకున్నవాళ్లున్నారు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం 2009లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఏడాదికి ఒక నగరాన్ని ఎంచుకుంటారు. ఆ ఏడాది ప్లానింగ్, ఆర్కిటెక్చర్, లా, జర్నలిజం, బిజినెస్, ఇలా రకరకాల విభాగాల కోర్సులన్నీ ఆ నగరం సమస్యల మీదే పని చేస్తాయి. మొదటి ఏడాది గ్రెషమ్, రెండో ఏడాది ఆ రాష్ట్ర రాజధాని సేలం. వందల మంది విద్యార్థులు ఒకే ఊరి మీద పడతారన్న మాట. తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు ఆ దారి పట్టి ఎపిక్ అని ఒక కూటమి కూడా కట్టుకున్నాయి. అందులో నాకు నచ్చినవి రెండు. ఒకటి, నగరం డబ్బు కడుతుంది. ఏం కావాలో తనే రాసిస్తుంది, ఒక్కో పనికి ఒక్కో ఉద్యోగిని అప్పగిస్తుంది. రెండు, క్లాసు ముగిశాక ఒక విద్యార్థికి జీతమిచ్చి, అందరూ చేసిన పనినీ కలిపి, నగరం వాడుకునేలా ఒక నివేదికగా తిరగరాయిస్తారు. మార్కుల కోసం రాసిన రాత వేరు, వాడకం కోసం రాసే రాత వేరు అని వాళ్లు ఒప్పుకున్నారు. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి మనకు ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

ఎంఎస్ చేయడానికి వెళ్లిన మన పిల్లలు కూడా అక్కడ క్యాప్‌స్టోన్ పేరుతో ఏ నగర ప్రభుత్వం లెక్కలో ముందేసుకుని కూర్చుంటారు. మా మేనల్లుడు ఒక కౌంటీ ఆఫీసుకు బస్సు స్టాపుల మీద ఇలాంటిదే చేశాడు. ఒప్పందం కాగితం మీద మూడే ప్రశ్నలున్నాయట. వీళ్లు ఉత్సాహం కొద్దీ నాలుగోది కూడా పరిశోధించి తీసుకెళితే, ఆ ఆఫీసరమ్మ బాగుందని మెచ్చుకుని, "మేం అడిగింది కాదిది" అని పక్కన పెట్టేసిందట. వాడికి కోపం వచ్చింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఏం కావాలో తెలిసిన ఆఫీసుకు మాత్రమే ఏం అక్కర్లేదో తెలుస్తుంది.

మన దగ్గర అంతా ఉచితం. మున్సిపాలిటీ పైసా ఇవ్వదు, అందుకని ఏమీ అడగదు. ఏమీ అడగదు కనక పిల్లలు తమకు తోచింది రాస్తారు. ఊరికే వచ్చింది ఊరికే పోతుంది. లక్షలు కట్టమని ఎవరూ అనడం లేదు. పిల్లల బస్సు ఖర్చులు, ఫొటోకాపీలు, ఉండటానికి మున్సిపల్ గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు, ఇవి చాలు. ఆ చిన్న మొత్తానికి కూడా ఒక ఫైలు కదలాలి. ఫైలు కదిలితే దాని మీద ఎవరో సంతకం పెట్టాలి. సంతకం పెట్టినాయన రేపు "ఏం ఇచ్చారు?" అని అడగక తప్పదు.

ఇంకో బాకీ ఉంది, అది ఊరి జనానికి. తోపుడు బండ్ల సర్వేకు వెళ్లినప్పుడు చూడాలి మా వాళ్ల అవస్థ. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా తిరిగి బండ్లు లెక్కపెట్టి వస్తారు. పూలమ్మేవాళ్లు, ఆకుకూరల వాళ్లు పది గంటలకే బేరం ముగించుకుని ఇళ్లకు పోతారు. మిరపకాయ బజ్జీల బండి, చికెన్ పకోడీ బండి అయిదున్నరకు గానీ రావు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, కనీసం అయిదేళ్లకోసారి సర్వే చేయాలని అందులో రాసి ఉంది. సర్వేలో పేరు లేని బండికి రేపు చోటు దొరకడం కష్టం. అంటే మా వాళ్లు సర్వే వేళలు సరిగా పెట్టుకోకపోతే అది వాళ్ల మార్కులతో పోయే తప్పు కాదు. "నెలకు ఎంత మిగులుతుందమ్మా?" అని మావాడొకడు అడిగితే ఒక జామకాయల ఆవిడ, "పిల్లనిస్తావా నాయనా, ఇంత ఆరా తీస్తున్నావు?" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆవిడే ఇంకో మాట అంది: "పోయినేడు కూడా మీలాంటోళ్లే వచ్చి రాసుకుపోయారు. అదేమైందో చెప్పినోళ్లు లేరు." దానికి మావాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ పోయినేటి వాళ్లు ఇంకో కాలేజీ వాళ్లు. వాళ్ల నివేదిక మాకు ఎవరూ ఇవ్వలేదు, అది ఉందని కూడా ఎవరూ చెప్పలేదు.

రాసుకున్నది ఏమైందో వెళ్లి చెప్పడానికి ఒక పూట చాలు. మేలో నివేదిక ఇచ్చే రోజునే, కమిషనర్ గారి గదిలోంచి బయటికొచ్చి, ఆ బజారులోనే నిలబడి, మీరు చెప్పినవి ఇవీ, మేం రాసినవి ఇవీ అని తెలుగులో ఒక పేజీ చదివితే సరిపోతుంది. ఏ సిలబస్‌లోనూ దీనికి మార్కులు లేవు. ఉండాలి.

మున్సిపల్ కమిషనర్లలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. మీ ఊరికి ప్లానింగ్ విద్యార్థులు వస్తామని ఉత్తరం రాస్తే, సరేనని ఊరుకోకండి. మీ ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లనూ పారిశుధ్య మేస్త్రీలనూ ఒక గంట కూర్చోబెట్టి, కావాల్సిన సంగతులు మూడు రాయించండి. మూడు చాలు. మీ దగ్గర పడి ఉన్న పాత నివేదికలు వాళ్లకు ముందే ఇవ్వండి. కాలేజీల వాళ్లకు కూడా అదే మనవి, ఇంకొకటి కలిపి: ఆ స్టూడియోను ఆగస్టులో, వానల్లో మొదలుపెట్టి నవంబరుకు ముగించండి. డిసెంబరులో బడ్జెట్ ఫైలు కదులుతుంది.